ఎండకాలం తిండి: చెట్టెవరిది?

ఏ కాలం కాయ ఆ కాలంలోనే తినాలని ఇప్పుడు ఆరోగ్యం పేరుతో చెబుతున్నారు. మాట మంచిదే. మాల మాదిగ వాడలకు మాత్రం ఇది కొత్త ఉపదేశమేమీ కాదు. నూర్పిళ్లు అయిపోయి, తొలకరి దాకా కూలి దొరకని రోజులే మనకు ఎండకాలం. గాదె లేని ఇంటికి చింతచిగురు, తాటిముంజలు, ఈతపండ్లు, తునికిపండ్లే ఆసరా. మామిడితోటకి కంచె వుంది, కావలి వుంది. కంచె లేని చెట్టే మన చెట్టు.

ఆ చెట్టయినా మనకి మిగిలిందా? మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 అటవీ చట్టంతో అడవి మీద సర్కారు పెత్తనం బిగుసుకుంది. 1886 ఆబ్కారీ చట్టం కింద కల్లు గీసే తాడికీ, ఈతకీ పన్ను పడింది. పోరంబోకు చింతచెట్ల ఫలసాయం వేలానికి పోయింది. పాట పాడే డబ్బు ఎవరి దగ్గరుందో వాళ్లదే చెట్టు.

1876-78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా చాలన్నాడు. జనం తిన్న ఆకులు, దుంపల పేర్లు కొన్ని దొరలు రాసుకున్నారు. ఏది విషమో, ఏది తిండో తెలిసి వండిపెట్టిన ఆడవాళ్ల పేర్లు రాసుకోలేదు.

తాటిచెట్టునే చూద్దాం. ఎండల్లో ముంజ, వానల్లో పండు, టెంక పాతిపెడితే చలికాలానికి తేగ. గీతన్న ఎక్కి గెల దించితేనే ముంజ మన చేతికొస్తుంది. కనుక ఈ చరిత్ర ఒక్క కులానిది కాదు. చింతచిగురుని ఎండబెట్టి వానకాలానికి దాచుకోవటం కూడా మన అమ్మల ముందుచూపే.

అట్లాగని దీన్ని తీపి జ్ఞాపకంగా రాసుకుంటే మోసపోతాం. ముంజ కడుపుని చల్లబరుస్తుంది గానీ నింపదు. బడిలో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరు 28న ఆదేశించిన సుప్రీంకోర్టు, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ పెట్టాలని 2004 ఏప్రిల్ 20న చెప్పాల్సొచ్చింది. బడి మూస్తే పొయ్యి ఆరే ఇళ్లున్నాయనే కదా దానర్థం.

అందుకే మేం అడిగేది రెండు. వాడల్లో ముసలమ్మలు బతికుండగానే ఈ తిండి చరిత్ర రాసిపెట్టుకుందాం. వూరుమ్మడి చెట్టు వేలానికొచ్చినప్పుడు, దానికింద బతికినవాళ్ల వాటా ఏదని పంచాయితీలో నిలబడి అడుగుదాం.