టీకా మచ్చ

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇవ్వవలసిందిగా పెద్దలు కోరినప్పుడు, గోల్కొండను గురించో నిజాములను గురించో వ్రాద్దామని మొదట అనుకున్నాము. ఆ వారంలోనే అయిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, "సార్, మా దాదీ చేతిమీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది, అదేంటి?" అని అడిగింది. వెనుక బెంచీనుంచి ఇంకో ఇద్దరు "మా నానీకి కూడా ఉంది సార్" అన్నారు. రాజుల చరిత్ర వ్రాసేవారు చాలామంది ఉన్నారు గనుక, మేము ఈ మచ్చ చరిత్రనే ఎన్నుకున్నాము.

మా వయసువారి భుజంమీద ఉండేది బి.సి.జి. మచ్చ. అది క్షయనుంచి కాపాడడానికి వేసినది. మన దాదీల, నానీల చేతిమీది మచ్చ వేరు. అది మశూచి టీకా గుర్తు. మన ఇళ్ళల్లో చేచక్ అన్నాము, పక్కింటివారు పెద్దమ్మవారు అన్నారు. పేరు ఏదైతేనేం, పెద్ద మశూచి సోకిన నూరుమందిలో ముప్పైమంది దాకా పోయేవారు. బతికినవారిలో కొందరికి చూపు పోయేది. ముఖంనిండా గుంటలు పడడం సరేసరి.

ఈ జబ్బు వేరు, తట్టు వేరు అని విడదీసి పుస్తకం వ్రాసినవాడు ఇరాన్ దేశపు హకీం రాజీ. అది సుమారు పదకొండు వందల ఏళ్ళనాటి మాట. టీకాకు దారి చూపినవాడు ఇంగ్లండు వైద్యుడు జెన్నర్, 1796లో. పాలు పితికే అమ్మాయి చేతికి ఆవునుంచి అంటిన పొక్కు రసాన్ని ఒక ఎనిమిదేళ్ళ కుర్రవాడికి ఎక్కించాడు. ఆ తర్వాత మశూచి రసమే ఎక్కించినా ఆ పిల్లవాడికి జబ్బు రాలేదు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

ఆ రసం మన దేశానికి ఎలా వచ్చిందన్నది మాత్రం పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు. అప్పట్లో మంచుపెట్టెలు లేవు, వేడికి రసం పాడైపోయేది. అందుకని దారిలో ఒకరి చేతిపొక్కు నుంచి ఇంకొకరి చేతికి ఎక్కిస్తూ దాన్ని బతికించుకుంటూ వచ్చారు. అలా బాగ్దాదు, బస్రాల మీదుగా ఓడలో బొంబాయి చేరింది. 1802 జూన్ 14న అక్కడ అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు వేశారు. మన దేశంలో మొదటి టీకా అదే.

అయితే మందు వచ్చినంత మాత్రాన జనం చేయి చాపరు గదా! 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినప్పుడూ ఇంతే. హాఫ్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు 1897 జనవరిలో ప్లేగు టీకాను ముందు తన ఒంటికే వేసుకున్నాడు. అయినా ఆయన పరదేశి, ఎవరు నమ్ముతారు? అప్పుడు మూడవ ఆగాఖాన్ గారు, ఇంచుమించు ఇరవై ఏళ్ళ యువకుడు, తమ జమాతువారి ఎదుట బహిరంగంగా ఆ సూది వేయించుకున్నారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. తమవాడే చేయి చాపాడని చూశాక జనానికి ధైర్యం వచ్చింది.

మళ్ళీ మశూచి సంగతికి వద్దాము. 1962లో మన ప్రభుత్వం దేశమంతటా టీకాల కార్యక్రమం మొదలుపెట్టింది. కోట్లమందికి వేశారు, జబ్బు పోలేదు. 1974లో ఒక్క సంవత్సరంలో లక్షా ఎనభై వేలకు పైగా కేసులు వచ్చాయి. బీహారులో మరీ ఎక్కువ. అందరికీ గుడ్డిగా వేస్తూ పోవడం కాదు, జబ్బు ఏ ఇంట్లో ఉందో వెతికి దాని చుట్టూ ఉన్నవారికి ముందు వేయాలన్న పద్ధతికి అప్పటికే మారారు. రెండు మొనల సూదిని మందులో ముంచి చేతిమీద పదిహేను పోట్లు పొడిచేవారు. జబ్బున్న ఇంటి ముందు రాత్రింబగళ్ళు కాపలా పెట్టేవారు.

ఉపాధ్యాయులమైన మనకు ముఖ్యమైనది ఆ వెతికిన తీరు. మశూచి పొక్కులతో ఉన్న బిడ్డ బొమ్మ కార్డు ఒకటి అచ్చువేశారు. పనివారు ఇల్లిల్లూ తిరుగుతూ, సంతల్లోనూ బడుల్లోనూ దాన్ని చూపించి, "ఇలాంటి జబ్బు ఎవరింట్లోనైనా ఉందా?" అని అడిగేవారు. ఊరి పెద్దను అడిగితే పరువుకోసమో భయంకొద్దో లేదంటాడు. పిల్లలకు ఆ దాపరికం తెలియదు. ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో వాళ్ళకు తెలిసినంత తహసీల్దారుకు కూడా తెలియదని మేము మా అనుభవంతో చెప్పగలము! కేసు చూపినవారికి బహుమానం కూడా ఉండేది. 1975లో అది వెయ్యి రూపాయలకు చేరింది.

అన్నీ మంచి మాటలే చెబితే చరిత్ర అనిపించుకోదు. కొన్ని ఊళ్ళలో రాత్రివేళ తలుపులు తోసి, వద్దని ఏడుస్తున్నవారిని పట్టుకుని టీకాలు వేశారు. జబ్బు పోయింది గాని ఆ మంట మనసుల్లో మిగిలింది. తర్వాత పోలియో చుక్కలవారిని చూసి కొన్ని మొహల్లాలు తలుపులు వేసుకున్నప్పుడు అది వట్టి అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

మన దేశంలో మశూచి 1975 మే నెలతో ఆగిపోయింది. లోకంలో సహజంగా సోకిన చివరి మనిషి సోమాలియాలోని మెర్కా పట్టణంవాడు, అలీ మావ్ మాలిన్. ఆసుపత్రిలో వంటమనిషి. నొప్పికి భయపడి టీకా తప్పించుకున్నాడు. జబ్బుపడ్డ ఇద్దరు పిల్లలను తెచ్చిన బండికి దారి చూపుతూ కొద్ది నిమిషాలు అందులో కూర్చున్నాడు, అంతే. 1977 అక్టోబరులో అతడికి పొక్కులు లేచాయి. బతికాడు. 1980 మే 8న మశూచి లోకంనుంచే పోయిందని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది. అదే మాలిన్ తర్వాతి రోజుల్లో ఊరూరా తిరిగి, తన భయాన్ని తానే చెప్పుకుంటూ, తల్లులచేత పిల్లలకు పోలియో చుక్కలు వేయించాడు. ఆ పనిలో ఉండగానే 2013లో మలేరియాతో చనిపోయాడు.

మా సంగతి కూడా చెప్పుకోవాలి. 2017 ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకా బడిపిల్లలకు వేయడానికి నర్సులు వచ్చిన రోజున మా బడిలో సగం బెంచీలు ఖాళీ. సంతానం కలగకుండా వేస్తున్న సూది అని ఎవరో ఫోన్లలో పుకారు పంపారట. తప్పు పుకారుదే కాదు. మేము ఇళ్ళకు పంపిన కాగితం తెలుగులో, ఇంగ్లీషులో ఉంది. మా పిల్లల తల్లుల్లో చాలామందికి ఉర్దూ తప్ప చదవడం రాదు. ఉర్దూ పాఠాలు చెప్పే మాకే ఆ సంగతి తట్టలేదు!

ఆ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఉర్దూలో నాలుగు ముక్కలు వ్రాసుకుని, మా బడి టీచరమ్మను వెంటబెట్టుకుని గల్లీలోకి వెళ్ళాము. మేము చెబుతుంటే తలుపుసందులోంచి విన్నారే తప్ప ఎవరూ ఔననలేదు. ఒక ముసలమ్మ బయటికి వచ్చి, కొంగు తీసి చేతిమీది మచ్చ చూపించింది. "ఇది వేసుకున్నాకే ఆరుగురు పిల్లల్ని కన్నాను, చూడండి" అన్నది. ఆడవాళ్ళందరూ నవ్వేశారు. మర్నాడు బెంచీలు ఇంచుమించు నిండాయి.

రెండు ఇళ్ళవారు మాత్రం పంపలేదు. వారి దగ్గరకు ఇంకోసారి వెళ్ళవలసింది. పరీక్ష పేపర్ల పనిలో పడి వెళ్ళలేదు.