కరణం ఇంటి దస్త్రం నుంచి చేతిలో ఫోను దాకా

పొదుపు ఎంత, బ్యాంకు అప్పు ఎంత, వసూలు ఎంత అనే లెక్కలు ముందు పేజీల్లో చూశారు. ఇక్కడ చెప్పేది వేరే సంగతి. సర్కారు కాగితం ఒకటి కావాలంటే మన ఆడవాళ్ళు ఎవరి గడప తొక్కాల్సి వచ్చిందో, కాలం మారేకొద్దీ ఆ గడప ఎక్కడెక్కడికి జరిగిందో రాసి పెట్టాలనుకున్నాం. ఇప్పుడు సర్టిఫికెట్లు వాట్సాప్‌లోనే వస్తున్నాయి కదా, ఇంకేం కష్టం అంటున్నారు కొందరు. మాకు అట్ల అనిపించలేదు.

మన బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. ఆ ఏడు మద్రాసు రాష్ట్రంలో కలిసి కర్నూలు జిల్లాలో భాగమయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. పైన రాజ్యాలు ఇన్ని మారినా ఊర్లో భూమి లెక్క కరణం చేతిలోనే ఉండేది. అడంగల్ ఆయనే రాయాల, నకలు ఆయనే ఇయ్యాల. కరణాలంతా చెడ్డోళ్ళని అనడం లేదు. కానీ భర్త పోయిన మనిషి ఆ అరుగు ముందర నిలబడి, చేను నా పేరు మీద ఎక్కించండి సామీ అని అడగడం ఎంత కష్టమో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. అక్కడ ఏమి రాశారో చదువు రాని మనిషికి తెలిసేది కాదు, చదివి చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. 1985లో మండలాలు వచ్చాయి. కాగితం ఇంటి అరుగు మీది నుంచి ఆఫీసు బీరువాలోకి పోయింది. ఆఫీసు కొంచెం దగ్గరయింది గానీ, బీరువా తాళం మాత్రం మన దగ్గర లేదు.

కంప్యూటరు మొదట వచ్చింది రిజిస్ట్రేషన్ ఆఫీసులకు. 1998 నవంబరు 4న ‘కార్డ్’ అనే పద్ధతి మొదలుపెట్టారు. ఈసీ కోసం రోజుల తరబడి తిరిగే పని గంటల్లోకి తగ్గింది. 2001లో హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు తెరిచారు. కరెంటు బిల్లు, నీటి బిల్లు, పన్ను అన్నీ ఒకే కిటికీ దగ్గర కట్టొచ్చు. అది పట్నం సౌకర్యం. పల్లెకు వచ్చింది పశ్చిమ గోదావరి జిల్లాలో, 2002లో. అక్కడ గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు కొన్నింటిని మనలాంటి పొదుపు సంఘాల ఆడవాళ్ళే నడిపినారు. కిటికీకి అవతల, కంప్యూటరు ముందు మన సంఘం మనిషి కూర్చోవడం అప్పుడు చిన్న విషయం కాదు.

ఆ పాటికి మన జిల్లాలో సంఘాలు బాగా పాతుకున్నాయి. ఐక్యరాజ్య సమితి వాళ్ళ సాయంతో 1996లో మొదలైన సాపాప్ కార్యక్రమానికి ఎంచుకున్న మూడు జిల్లాల్లో కర్నూలు ఒకటి. కర్నూలు–నంద్యాల దారిలో ఉన్న ఓర్వకల్లు సంఘాల పేరు అట్ల బయటికి వచ్చింది. తర్వాత 2000లో వెలుగు, ఆ వెనక ఇందిరా క్రాంతి పథం. ఈ కథ మీకు తెలిసిందే కాబట్టి ముందుకు పోతాం.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కొంచెం వివరంగా చెప్పాల. ఉపాధి హామీ కూలి, పింఛను ఇయ్యడానికి స్మార్ట్‌కార్డులు తెచ్చినారు, గుర్తుందా? అంతకుముందు కూలి డబ్బుకు పోస్టాఫీసు దగ్గర పొద్దంతా కాచుకోవాల్సి వచ్చేది. స్మార్ట్‌కార్డుతో ఊర్లోనే, వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే ఏర్పాటు చేశారు. మిషను పట్టుకుని డబ్బులిచ్చే పనికి ఆ ఊరి ఆడమనిషినే, వీలైతే పొదుపు సంఘం సభ్యురాలినే పెట్టాలన్నారు. ఇది నిజంగా మేలు చేసిందా లేదా అని 2010 నుంచి 2012 దాకా కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. ఎనిమిది జిల్లాలు, 157 మండలాలు. మన కర్నూలు జిల్లా అందులో ఉంది. కూలి తీసుకోవడానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గింది. పనిచేసిన తర్వాత డబ్బు చేతికందడానికి పట్టే వ్యవధి ఆరు నుంచి పది రోజుల దాకా తగ్గింది. మధ్యలో కారిపోయే సొమ్ము కూడా బాగా తగ్గింది.

వాళ్ళు ఇంకో మాట కూడా రాశారు. మాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. దొంగ లెక్కలు తగ్గడానికి కారణం వేలిముద్ర. డబ్బు తొందరగా రావడానికి కారణం మాత్రం పంచే ఏర్పాటు మారడం, డబ్బు ఊర్లోకే రావడం. పైగా కార్డు లేనివాళ్ళకు, వేలిముద్ర పడనివాళ్ళకు అప్పట్లో డబ్బు ఆపలేదు. పాత పద్ధతిలో ఇచ్చేవాళ్ళు. రెండేళ్ళు గడిచినా చెల్లింపుల్లో సగం చిల్లరే కొత్త పద్ధతిలోకి మారాయి. అయినా అడిగినవాళ్ళలో ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. ఎందుకంటే ఎవరి నోటి కాడి ముద్దా పోలేదు. తర్వాత జార్ఖండ్‌లో రేషనుకు వేలిముద్ర తప్పదన్నప్పుడు, ముందుగా ఆధార్ కలపని కుటుంబాలకు సరుకు తగ్గిపోయిందని ఈ పరిశోధకులే తేల్చారు. మిషను అదే, వేలూ అదే. నియమం వేరు.

2011లో రెండు సంగతులు జరిగాయి. సెప్టెంబరులో స్త్రీనిధి ఏర్పడింది. అప్పు కావాలని ఫోనులోనే అడిగితే 48 గంటల్లో సంఘం ఖాతాలో వెయ్యాలన్నది దాని లక్ష్యం. ఆడవాళ్ళ కోసం ఆలోచించి కట్టిన డిజిటల్ సేవ ఇది, మనం చూసినవాటిలో బహుశా మొదటిది. నవంబరులో చిత్తూరు జిల్లాలో మీసేవ మొదలయింది. డిజిటల్ సంతకంతో ఉన్న కాగితం చెల్లుతుందన్నారు, సంతకానికి ఆఫీసరు కోసం కాచుకునే పని తప్పింది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది, కలెక్టరాఫీసు కోసం కర్నూలు పోయే బాధ తప్పింది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు పెట్టారు. నంబరు 95523 00009. రాసి పెట్టుకోండి.

ఇక్కడే మా అనుమానం. కరణం ఇంటికి పోయినా, మండలాఫీసుకు పోయినా, మనిషి కనబడితే అడగొచ్చు, కొట్లాడొచ్చు. ఓటీపీతో ఎట్ల కొట్లాడేది? ఆధార్‌కు కలిపిన నంబరు మొగుడిదో కొడుకుదో అయితే, ఆ ఫోను వాళ్ళ జేబులో బెంగుళూరులో ఉంటే, మన కాగితం మన చేతిలో ఉన్నట్టా? ఒకప్పుడు దస్త్రం కరణం ఇంట్లో ఉండేది, ఇప్పుడు కొడుకు జేబులో ఉంది. నాపరాళ్ళ పనిలో, మిరపకాయల కోతలో అరిగిన వేళ్ళకు ముద్ర పడక వెనక్కి వచ్చిన అక్కలు మన సంఘాల్లో ఉన్నారు. ఉపాధి పనిలో 2023 జనవరి నుంచి ఫోటో హాజరు, 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా కూలి ఆగే పరిస్థితి.

వ్యాపారం చేసే సభ్యురాళ్ళకు ఒక మాట. బనగానపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ మామిడితో పచ్చడి పెట్టి అమ్మే మనకు మాత్రం వేరే కాగితాలు కావాల. ఉద్యం నమోదు 2020 జూలై 1 నుంచి ఉంది. దానికి ఫీజు లేదు, పైసా కూడా. దాని పేరు చెప్పి వందలు, వేలు గుంజేవాళ్ళు ఉన్నారు, ఇయ్యొద్దు. జీఎస్టీ లేని చిన్న పనులవాళ్ళ కోసం 2023 జనవరిలో ఉద్యం అసిస్ట్ తెచ్చారు, బ్యాంకులో అడగండి. పచ్చళ్ళు, పొడులు, అప్పడాలు అమ్మేవాళ్ళకు ఆహార భద్రత నమోదు ఉండాల. 2011 నాటి నిబంధనల్లో చిన్న వ్యాపారులకు పెట్టిన ఫీజు ఏడాదికి 100 రూపాయలు. సైటు ఇంగ్లీషులో కనబడితే భయపడి ఏజెంటు దగ్గరికి పోవద్దు, ముందు మన గ్రామ సంఘం లెక్కలు రాసే అమ్మాయిని అడగండి.

ఈ ఏడు గ్రామ సంఘాల సమావేశాల్లో కొత్తగా ఒక పుస్తకం పెట్టినాం. అందులో మూడు గడులు. సభ్యురాలి పేరు, ఆధార్‌కు కలిపిన నంబరు, ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుంది. మొదటి రెండూ తొందరగా నిండుతున్నాయి. మూడో గడి దగ్గర అందరం కాసేపు ఆగుతున్నాం. నంబరు మార్చుకోవాలనుకున్నవాళ్ళను నలుగురైదుగురిని కలిపి ఆధార్ కేంద్రానికి తీసుకుపోతున్నాం. ఇంకా రానివాళ్ళు వచ్చే సమావేశానికి ఆధార్ కార్డు పట్టుకుని రండి.