ట్రైపనోసోమా లీడర్ ఆర్.ఎన్.ఏ. : మిథైలీకరణ చరిత్ర

ఆఫ్రికాఖండమున ట్సెట్సీ ఈగ కాటువలన మనుష్యులకు అతినిద్రావ్యాధిని, పశువులకు నగానా రోగమును కలిగించు ట్రైపనోసోమా బ్రూసీ యను ఏకకణ పరాన్నజీవిని జూలూలాండులో డేవిడ్ బ్రూస్ గుర్తించినది పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకముననే యైనను, దాని ఆర్.ఎన్.ఏ.లయందలి రసాయన విశేషము వెల్లడి యగుటకు మఱి తొమ్మిది దశాబ్దములు పట్టెను.

1982లో బూత్రాయిడ్, క్రాస్ అను శాస్త్రజ్ఞులు ఈ జీవి యుపరితల ప్రోటీనుల మెసెంజర్ ఆర్.ఎన్.ఏ.లను పరీక్షింపగా, వాని యారంభమున ఒకే చిన్న ఖండము మరల మరల కానవచ్చెను. 39 న్యూక్లియోటైడుల యీ ఖండము సుమారు 140 న్యూక్లియోటైడుల వేఱొక చిన్న ఆర్.ఎన్.ఏ.నుండి తెగివచ్చి ప్రతి మెసెంజరునకును అతుకుకొనుచున్నదని 1986 నాటికి స్థిరపడెను. ఆ చిన్న అణువే స్ప్లైస్డ్ లీడర్ ఆర్.ఎన్.ఏ.

దీని మొదటి కొస మిక్కిలి విలక్షణము. ఉన్నతజీవుల మెసెంజర్లకు మిథైల్ గ్వానోసిన్ కప్పుగా నుండుట సామాన్యమే. ఇచట ఆ కప్పునకు తరువాతి అడెనోసిన్, అడెనోసిన్, సైటిడిన్, యూరిడిన్ అను నాల్గును మార్పు చెందియున్నవి. ఈ వింతను 1987, 1988లలో అగాబియన్ బృందమువారును, క్రాస్ సహచరులును ప్రకటించిరి. 1992లో బ్యాంగ్స్ ప్రభృతులు మాస్ స్పెక్ట్రోమెట్రీచే దాని నిర్మాణమును నిస్సంశయముగ తేల్చిరి: నాల్గింటి రైబోజు శర్కరపైనను ఒక్కొక్క మిథైలు, మొదటి అడెనిన్ క్షారముపై మఱి రెండు, నాల్గవదగు యురాసిల్‌పై మఱియొకటి, కప్పునందలి మిథైలుతో కలిపి మొత్తము ఎనిమిది. ఈ చరిత్రమంతటిలోను నిక్కముగ శ్లాఘింపదగిన ఘట్టమిది. ఏలయన అంతకుముందు ఎవ్వరును ఎఱుగని రెండు న్యూక్లియోసైడులు దీనివలన తెలియవచ్చెను. ఇట్టి కప్పు నిర్మాణమునకు క్యాప్-4 అని పేరు.

ఈ మిథైలుల ప్రయోజనమేమి? మిథైలీకరణము నరికట్టిన అతుకుపని కుంటుపడునని 1991లో ఉల్లూ, చూడీలును, సైనెఫంజిన్ అను పదార్థముతో మరుసటి యేట మెక్‌నాలీ, అగాబియన్లును చూపిరి. అయితే అట్టి పదార్థము మిథైలును తగిలించు ఎంజైములగు పెక్కు మిథైల్ ట్రాన్స్‌ఫరేజులను ఒక్కసారిగ బాధించును గనుక, ఏ మిథైలు ఎంత యవసరమో దానివలన విడదీసి చెప్పుట పొసగదు. 2006లో అట్టి ఎంజైములలో రెంటిని వేర్వేఱుగను, జంటగను తగ్గించి చూడగా, క్యాప్-4 అసంపూర్ణమైనను జీవి పెరుగుదలకు లోపము రాలేదు. అందుచే పూర్వపు ఫలితములను చదువువారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను.

ఇదే యణువున 28వ స్థానమందలి యూరిడిన్ స్యూడోయూరిడిన్‌గా మారుటయు గలదు. అందులకు మఱియొక చిన్న ఆర్.ఎన్.ఏ. దారి చూపును. మన దేశమున కాలా ఆజారును కలిగించు లీష్మానియాకును ఇట్టి లీడరే యుండుటచేతను, మానవ కణములయందు అది లేకుండుటచేతను, ఔషధాన్వేషకుల దృష్టి దీనిపై నిలిచెను. సైనెఫంజిన్ పరాన్నజీవులను చంపునుగాని, జంతువుల మూత్రపిండములకు హాని చేయుటవలన వైద్యమునకు రాదాయెను.