చేతిగీత బొమ్మల చలనచిత్రాలు – ఒక కళ వెనుకబడిన వైనం



మన పిల్లలు నేడు చూసే బొమ్మల సినిమాలలో చాలా భాగం కంప్యూటరు మీద తయారైనవే. అంతకుముందు సుమారు ఎనభై సంవత్సరాలపాటు ఈ చిత్రాలను మనుషులు ఒక్కొక్క బొమ్మగా చేతితో గీశారు. కంప్యూటరు వచ్చింది కనుక పెన్సిలు పోయిందని ఒక్క ముక్కలో తేల్చివేయడం పరిపాటి. చరిత్రను కొంచెం శ్రద్ధగా చూస్తే ఆ మాట సగమే నిజమని తెలుస్తుంది. మిగిలిన సగం బోధన వృత్తిలో ఉన్న మనం తప్పక తెలుసుకోదగినది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ పనిలోని శ్రమ ఎంతటిదో చూడండి. చలనచిత్రంలో సెకనుకు 24 చట్రాలు కదులుతాయి. ఒక్కొక్క బొమ్మను రెండేసి చట్రాలకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720 బొమ్మలు కావాలి. ఒకే దృశ్యంలో ఇద్దరు ముగ్గురు కదులుతూ ఉంటే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. ఫ్రాన్సు దేశానికి చెందిన ఎమిల్ కోల్ 1908లో తీసిన 'ఫాంటాస్మగోరీ' నిడివి రెండు నిమిషాలకు మించదు. దానికే సుమారు 700 బొమ్మలు గీయవలసి వచ్చింది. 1914 ప్రాంతంలో అమెరికాలో ఎర్ల్ హర్డ్ పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకల పద్ధతిని రూపొందించారు. వెనుకనున్న కొండలను, చెట్లను ప్రతిసారీ గీయనక్కరలేకుండా, కదిలే పాత్రను మాత్రమే పలకపై గీసి, నేపథ్యచిత్రం మీద పరచి ఫోటో తీసేవారు. వాల్ట్ డిస్నీ సంస్థ 1937లో విడుదల చేసిన 83 నిమిషాల 'స్నో వైట్' ఈ పద్ధతిలో రూపొందినదే.

ఈ పనిలో ఒక గురుశిష్య సంబంధం ఇమిడి ఉండేది. అనుభవజ్ఞుడైన చిత్రకారుడు ఒక కదలికలోని ముఖ్యమైన భంగిమలను మాత్రం గీసేవాడు. వాటి మధ్యనుండే బొమ్మలను పక్క బల్ల దగ్గరి సహాయకుడు పూరించేవాడు. అలా వేల బొమ్మలు గీస్తూ, బరువైన వస్తువు ఎలా పడుతుందో, మనిషి నవ్వబోయే ముందు ముఖం ఎలా మారుతుందో అతడు చేతితోనే నేర్చుకునేవాడు. అంటే అక్కడి పనిశాలే పాఠశాల.

మన దేశానికి ఈ విద్య ఈ మార్గంలోనే చేరింది. 1956లో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూను చిత్రాల విభాగం ఏర్పడినప్పుడు, డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చి మనవారికి శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణలో నుండి 1957లో 'బన్యన్ డీర్' అనే జాతక కథాచిత్రం వెలువడింది. ఆ విభాగంలో చేరిన రామ్ మోహన్ తరువాతి కాలంలో భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కుగా నిలిచారు. మీలో చాలామంది చిన్ననాడు దూరదర్శన్‌లో చూసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' కూడా 1974లో ఫిల్మ్స్ డివిజన్ నిర్మించిన చిత్రమే.

ఇక యంత్రం సంగతి. అది ఒక్కసారిగా వచ్చి పడలేదు. 1961 నాటి 'వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్' చిత్రంలో పెన్సిలు గీతలను జిరాక్సు పద్ధతిలో నేరుగా పలకలపైకి ఎక్కించారు. అంతవరకు ఆ గీతలను సిరాతో తిరిగి దిద్దేవారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. 1990 నాటి 'రెస్క్యూయర్స్ డౌన్ అండర్'తో రంగులు వేసే పని కంప్యూటరుకు మారింది. 1991లో 'బ్యూటీ అండ్ ది బీస్ట్' చిత్రంలోని నాట్యమందిరాన్ని, 1994లో 'లయన్ కింగ్'లోని అడవిజంతువుల తొక్కిసలాటను కంప్యూటరుతోనే నిర్మించారు. అయినా పాత్రలకు ప్రాణం పోసింది పెన్సిలే. ఆ సంవత్సరం ప్రపంచంలో అత్యధిక వసూళ్లు సాధించిన చిత్రం 'లయన్ కింగ్'. అంతవరకు యంత్రం చిత్రకారునికి సహాయకుడే కాని పోటీదారు కాదు.

ఈ వైభవం వెనుక ఒక బోధనా ప్రయత్నం ఉన్నదని గమనించండి. 1970ల నాటికి డిస్నీలోని పెద్దతరం చిత్రకారులు విశ్రాంతి వయస్సుకు చేరుకున్నారు. అప్పుడు వారిలో ఒకరైన ఎరిక్ లార్సన్ కొత్తవారికి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. మరి ఇద్దరు పెద్దలు, ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్, తమ విద్యాసారాన్ని 12 సూత్రాలుగా కూర్చి 1981లో 'ఇల్యూజన్ ఆఫ్ లైఫ్' అనే గ్రంథంలో ప్రకటించారు. ఆ పెద్దల దగ్గర నేర్చుకున్న తరమే తరువాతి విజయాలను సాధించింది.

1995లో తొలి పూర్తి కంప్యూటరు కథాచిత్రం 'టాయ్ స్టోరీ'ని రూపొందించిన జాన్ లాసెటర్ కూడా ఆ సంప్రదాయంలో తయారైనవారే. చేతిబొమ్మల సూత్రాలను కంప్యూటరు చిత్రాలకు ఎలా అన్వయించాలో వివరిస్తూ ఆయన 1987లోనే ఒక పత్రం సమర్పించారు. కొత్త విద్య పాత విద్య పాలు తాగే పెరిగిందనడానికి ఇంతకంటే నిదర్శనం ఏమి కావాలి?

2001లో 'ష్రెక్' విజయం సాధించింది. 2002లో చేతిబొమ్మల చిత్రం 'ట్రెజర్ ప్లానెట్' సుమారు 14 కోట్ల డాలర్ల వ్యయంతో వచ్చి ఘోరంగా నష్టపోయింది. అదే సంవత్సరం చేతిబొమ్మల 'లీలో అండ్ స్టిచ్' ప్రజాదరణ పొందినా ఆ సంగతి లెక్కలోకి రాలేదు. ప్రేక్షకులు పెన్సిలు బొమ్మలను కోరడం లేదని నిర్మాతలు నిర్ణయించుకున్నారు. డిస్నీవారి పారిస్, టోక్యో, ఫ్లోరిడా చిత్రశాలలు 2003, 2004 సంవత్సరాలలో మూతపడ్డాయి. 2004 నాటి 'హోమ్ ఆన్ ది రేంజ్'తో సంస్థ ఆ పద్ధతికి సెలవు చెప్పింది. కథలోని లోపం కుంచె మీద పడిందని నా అభిప్రాయం.

ఖర్చు తగ్గించుకోవడానికే ఈ మార్పు జరిగిందని అనుకునేవారూ ఉన్నారు. 2009లో తిరిగి చేతితో గీసిన 'ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్'కు సుమారు 10.5 కోట్ల డాలర్లు ఖర్చు కాగా, మరుసటి ఏడు కంప్యూటరుతో తీసిన 'టాంగిల్డ్'కు సుమారు 26 కోట్లు అయినట్లు చెబుతారు. అయితే వసూళ్లలోనూ రెండవదే రెండింతలు దాటింది. నిర్మాతలు ఆ లాభం వైపే మొగ్గారు. 2011లో 'విన్నీ ది పూ' అమెరికాలో హ్యారీ పాటర్ ఆఖరి చిత్రం విడుదలైన రోజునే వచ్చి కనుమరుగైంది. చేతిబొమ్మల కథాచిత్రమేదీ తయారీలో లేదని 2013లో సంస్థ అధిపతి వాటాదారులకు తెలియజేశారు.

జపానులో పరిస్థితి వేరు. అక్కడ హయావో మియాజాకీ తన గిబ్లీ చిత్రశాలలో గీయడం, గీయించడం ఆపలేదు. 2001 నాటి 'స్పిరిటెడ్ అవే' 2003లోను, 2023 నాటి 'బాయ్ అండ్ ది హెరాన్' 2024లోను ఆస్కార్ పొందాయి. అక్కడ కూడా కంప్యూటరు ఉన్నది. కాని అది గీసే చేతులను తొలగించలేదు.

మిత్రులారా! కొత్త పనిముట్టు వచ్చినంత మాత్రాన ఒక విద్య నశించదు. నేర్పేవారికి, నేర్చుకునేవారికి మధ్యనున్న బల్లను తొలగించినప్పుడు నశిస్తుంది. 1970లలో పెద్దలు వెళ్లిపోకముందే శిక్షణ మొదలైంది కనుక ఇరవై ఏళ్లకు పంట చేతికి వచ్చింది. ఈ మాట ఇప్పుడు ఆ సంస్థకూ తెలిసివచ్చినట్లుంది. ఇటీవల ఎరిక్ గోల్డ్‌బర్గ్ వంటి అనుభవజ్ఞుల చేత కొత్తవారికి మళ్లీ చేతిగీత నేర్పించడం ఆరంభించింది. 2023లో తన శతవార్షికానికి తీసిన లఘుచిత్రంలో పాత పాత్రలను మళ్లీ చేతితో గీయించింది.

పిల్లలను కంప్యూటరు చిత్రాలు చూడవద్దని నేను అనను. హైదరాబాదులో రూపొందే 'ఛోటా భీమ్' వంటివి వారికి ఎంతో ప్రియమైనవి. అయితే ఒక చిన్న పని చేయించండి. పాత నోటుపుస్తకం మూలలో, చివరి పేజీ నుండి ముందుకు వస్తూ, 24 పేజీలలో ఒక బంతి కింద పడి పైకి లేస్తున్నట్లు గీయమనండి. నేలను తాకినప్పుడు బంతి కొంచెం అణగాలని, పైకి లేచేటప్పుడు సాగాలని చెప్పండి. తరువాత బొటనవ్రేలితో పేజీలను గబగబా వదలమనండి. రెండు సెకన్ల ఆ కదలిక కోసం తాము ఎంతసేపు గీశారో వారికే తెలుస్తుంది. ఆ తరువాత ఏ బొమ్మల సినిమా చూసినా, దాని వెనుకనున్న చేతులను వారు గుర్తిస్తారు. మీ తరగతిలో ప్రయత్నించి చూడండి. సెలవు.