తోటి ఛాయాగ్రాహకుల గుణదోష విచారణ

ఒక ఛాయాగ్రాహకుడు తీసిన చిత్రాన్ని తోటి ఛాయాగ్రాహకులు పరిశీలించి మంచిచెడ్డలు చెప్పే ఆచారం ఛాయాగ్రహణంతో పాటే పుట్టినది కాదు. ఆ విద్య కొద్దిమంది సొత్తుగా ఉన్నంతకాలం అటువంటి విచారణకు చోటే లేదు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ కాగితం మీద నెగటివ్ తీసే కాలోటైప్ పద్ధతికి 1841లో పేటెంటు పొందడంతో, దానిని వాడదలచినవారు ఆయన అనుమతి తీసుకోవలసి వచ్చేది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రావకాన్ని పూసి, అది తడిగా ఉండగానే చిత్రం తీసే పద్ధతిని ఏ హక్కూ కోరకుండా పత్రికలో ప్రకటించగా, మరుసటి ఏడాది టాల్బట్ కూడా వృత్తిరీత్యా రూపచిత్రాలు తీసే హక్కును మాత్రం ఉంచుకొని తక్కినవాటిని వదులుకున్నాడు. విద్య బయటపడిన ఆ రెండేళ్ల వ్యవధిలోనే సంఘాలు వెలిశాయి: పారిస్‌లో 1851లో సొసైటీ హెలియోగ్రాఫిక్, లండన్‌లో 1853లో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడ్డాయి.

ఈ తొలి సంఘాలలో చిత్రాన్ని గురించిన మాట ప్రధానంగా రసాయనాల మాటే. నెగటివ్ మీద మచ్చలెందుకు పడ్డాయి, ప్రింటు కొన్ని నెలలకే ఎందుకు పాలిపోయింది, కిటికీ దగ్గర వెలుగు ఎందుకు పొంగిపోయింది అనే ప్రశ్నలకు, అదే తప్పు అంతకుముందు చేసి సరిదిద్దుకున్న సభ్యుడు జవాబు చెప్పేవాడు. లండన్ సంఘ సభ్యులు కొందరు కలిసి వెలువరించిన 1855 నాటి ఛాయాచిత్ర ఆల్బమ్‌లో ప్రతి చిత్రానికీ తోడుగా అది ఏ పద్ధతిలో తీయబడిందో, ఏ కటకం వాడబడిందో తెలిపే వివరాలను అచ్చువేశారు. చిత్రంతో పాటు దాని తయారీనీ తోటివారి ముందు పరచడమంటే విమర్శకు తలుపు తెరిచి ఉంచడమే. ఎలా తీశాడో చెప్పనివాడికి ఎలా తీయవలసిందో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

భారతదేశానికి ఈ ఆచారం ఆలస్యం లేకుండా చేరింది. బొంబాయిలో 1854లోనూ, కలకత్తా, మద్రాసులలో 1856లోనూ ఛాయాగ్రహణ సంఘాలు ఏర్పడ్డాయి. తెలుగు జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలో అంతర్భాగం కనుక, మద్రాసు సంఘం తెలుగువారి చరిత్రకు దూరమైనది కాదు. దాని స్థాపనలో ముఖ్యపాత్ర వహించిన అలెగ్జాండర్ హంటర్ వృత్తిచేత వైద్యుడు. 1850లో మద్రాసులో చిత్రకళాశాలను స్థాపించినవాడూ ఆయనే. లండన్ నుంచి వచ్చే సూచనలు మద్రాసు ఎండకు సరిపడేవి కావు: కొలోడియన్ పూత నిమిషాలలో ఆరిపోయేది, ద్రావకాలు వేడికి చెడిపోయేవి. ఇటువంటి చోట, అదే ఎండలో అదే నీటితో పనిచేసిన పొరుగువాడి సలహాకు గ్రంథంలోని సూత్రం కన్నా విలువ ఎక్కువ.

లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి ఈ వాతావరణంలోనే పేరు సంపాదించాడు. హళేబీడు, బేలూరు ఆలయాలను ఆయన తీసిన చిత్రాలకు 1855 మద్రాసు ప్రదర్శనలో నిర్ణేతలు ప్రథమశ్రేణి పతకం ఇచ్చారు. ఆయన తడి కొలోడియన్‌తో పాటు, ముందుగా మైనం పట్టించి సిద్ధం చేసుకోదగిన కాగితపు నెగటివ్‌లను కూడా వాడాడు. బర్మా యాత్రలో తీసిన చిత్రాల సంపుటిని వెలువరించినప్పుడు, దొరికిన సమయం, వాతావరణం అనుకూలించలేదనీ, కొన్ని చిత్రాలు అందువల్లనే తాను కోరుకున్న స్థాయిలో లేవనీ ఆయన స్వయంగా వివరణ జతచేశాడు. ఇతరులు ఎంచకముందే తన లోపాన్ని కారణంతో సహా చెప్పుకోవడం విమర్శను స్వీకరించే పద్ధతులలో అన్నింటికన్నా గౌరవప్రదమైనది. వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి మద్రాసుకు తరలించిన బౌద్ధ శిల్పఫలకాలు 1859లో లండన్‌కు ఓడ ఎక్కకముందు, 1858లో వాటిని ఫలకం ఫలకంగా చిత్రించి పెట్టినవాడు కూడా ఈ ట్రైపే.

అయితే మాట్లాడే హక్కు అందరికీ ఒకేలా ఉండేదని అనుకోరాదు. కలకత్తా సంఘంలో బాధ్యతలు వహించిన పండితుడు రాజేంద్రలాల్ మిత్రాను, నీలిమందు తోటల ఐరోపా యజమానులను బహిరంగసభలో విమర్శించినందుకు 1857లో సంఘం వెలివేసింది. నెగటివ్‌లోని మచ్చను చూపితే ఓర్చుకొన్న సభ్యులు పాలనలోని మచ్చను చూపితే ఓర్వలేకపోయారు. ఆ సంఘం చరిత్రలో ఇది చెరగని కళంకం.

1860ల నుంచి విచారణ రసాయనాలను దాటి సౌందర్యం మీదికి మళ్లింది. 1864లో లండన్ సంఘంలో చేరిన జూలియా మార్గరెట్ కామెరాన్ ముఖాల అంచులను కావాలనే మెత్తగా ఉంచగా, సంఘ పత్రిక దానిని చేతగానితనంగా ఎంచింది. కటకాన్ని ఎక్కడ నిలపాలో నిర్ణయించే అధికారం ఎవరికున్నదని ఆమె మిత్రుడైన శాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌కు రాసిన లేఖలో ప్రశ్నించి, తన దారి మార్చుకోలేదు. అంచు పదునుగా లేదన్నది ఆ విమర్శకులు సరిగానే చూశారు. అది ఏ ఉద్దేశంతో జరిగిందో విచారించకుండా తీర్పు చెప్పడమే వారి పొరపాటు. దీనికి ఎదురుగా నిలిచేది పి.హెచ్. ఎమర్సన్ ఉదాహరణ. 1887లో ఒక ఆంగ్ల పత్రిక పోటీకి నిర్ణేతగా ఉన్న ఆయన, అప్పటికి ఎవరికీ అంతగా తెలియని ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ చిత్రానికి ప్రథమ బహుమతి ఇచ్చి, కృత్రిమ భంగిమలు లేని దాని సహజత్వాన్ని గుర్తించాడు. అంతటి అధికారం గల ఎమర్సన్, 1889లో ఛాయాచిత్రం కళేనని వాదిస్తూ ఒక గ్రంథమే రాసినప్పటికీ, హర్టర్, డ్రిఫీల్డ్‌ల శాస్త్రీయ పరిశోధనలు చదివి, ఒక చిత్రకారుడితో చర్చించిన తరువాత, గ్రంథం వెలువడి రెండేళ్లు తిరగకముందే నల్లటి అంచులున్న కరపత్రం అచ్చువేయించి తన సిద్ధాంతాన్ని బహిరంగంగా విడిచిపెట్టాడు. ఆయన ముగింపు సరైనదా కాదా అన్నది వేరే చర్చ. తగిన కారణం చూపినప్పుడు మనసు మార్చుకోగలగడం ఈ రంగంలో అరుదు.

సభలకు రాలేని దూరప్రాంతాల అభిరుచిపరుల కోసం బ్రిటన్‌లోనూ, తరువాత అమెరికాలోనూ టపా బృందాలు ఏర్పడ్డాయి. సభ్యుల ప్రింట్లున్న కట్ట ఒక ఇంటి నుంచి మరో ఇంటికి టపాలో తిరుగుతుంది. అందుకున్న ప్రతివాడూ ప్రతి ప్రింటుకూ జతచేసిన కాగితం మీద తన అభిప్రాయం రాసి, గత విడతలో తాను పంపిన ప్రింటును వ్యాఖ్యలతో సహా తీసుకొని, కొత్తదానిని పెట్టి ముందుకు పంపుతాడు. తెలుగునాట చేతులు మారుతూ తిరిగిన లిఖిత పత్రికలను ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. సంతకం పెట్టి రాయవలసి రావడం, తన చిత్రం కూడా అదే కట్టలో ఉండడం రాసేవాడి కలానికి మర్యాదను నేర్పాయి.

పతకాలు, మార్కులు ఈ సంప్రదాయాన్ని క్షీణింపజేశాయి. 1892లో లండన్‌లో ఏర్పడిన లింక్డ్ రింగ్ బృందం ఈ ప్రమాదాన్ని గుర్తించి, మరుసటి ఏడాది ప్రారంభించిన తన వార్షిక ప్రదర్శనలో పతకాలను పూర్తిగా వదిలివేసింది. అయినా 20వ శతాబ్దం మార్కుల వైపే నడిచింది. 1950లో ఐరోపాలో అంతర్జాతీయ ఛాయాచిత్ర కళా సమాఖ్య, 1953లో భారతీయ ఛాయాచిత్ర సమాఖ్య ఏర్పడిన తరువాత, సలాన్‌లుగా పిలిచే పోటీ ప్రదర్శనలలో నిర్ణేతలు ప్రతి చిత్రానికీ కొన్ని క్షణాలలో అంకె వేయడం, ఎంపికల సంఖ్యను బట్టి బిరుదులు రావడం స్థిరపడింది. తెలుగు ఛాయాగ్రాహకులలో కొందరి పేర్ల వెనుక కనిపించే ఏఎఫ్ఐఏపీ అనే అక్షరాలు ఆ అంతర్జాతీయ సమాఖ్య ఇచ్చే తొలి మెట్టు బిరుదులలోనివి. వేలకొద్దీ చిత్రాలు వచ్చేచోట అంకె లేకుండా పని జరగదన్నది నిజమే. కానీ ఎంపిక కాని చిత్రం పంపినవాడికి ఆ అంకె ఏమీ నేర్పదు. ఆగస్టు 19న ప్రపంచ ఛాయాగ్రహణ దినోత్సవానికి జిల్లాలలో పోటీలు నిర్వహించే సంఘాలు, ఎంపిక కాని ప్రతి చిత్రం వెనుక నిర్ణేత సంతకంతో రెండు వాక్యాలు రాయించి పంపడం ఈ ఏడాది నుంచే మొదలుపెట్టాలి.