పెనుకొండ కోట: విజయనగర సింహాసనానికి అసలు వారసులెవరు? జపాన్ చక్రవర్తుల జాబితాలోనూ ఇదే చిక్కు!

హిందూపురం నుంచి ధర్మవరం వైపు వెళ్లే రైలెక్కితే మధ్యలో పెనుకొండ వస్తుంది. ఈ మధ్య ఆ పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది కియా కార్ల ఫ్యాక్టరీ. కొంచెం తల తిప్పి కొండ వైపు చూస్తే మాత్రం ఇంకో కథ ఉంది. విజయనగర సామ్రాజ్యంలో "రాజు ఎవరు?" అన్న ప్రశ్న వచ్చిన చాలాసార్లు, ఆ ప్రశ్న ఈ కోట గడప తొక్కింది. కొన్నిసార్లు గడప లోపలే దానికి సమాధానం కూడా దొరికింది. అది మంచి సమాధానం మాత్రం కాదు.

స్కూల్లో మనమంతా సంగమ, సాళువ, తుళువ, అరవీటి అని నాలుగు వంశాలు బట్టీ పట్టినవాళ్లమే. ఒకదాని తర్వాత ఒకటి, క్యూలో నిలబడినట్టు ఉంటాయి. కానీ ఒక వంశం పోయి ఇంకోటి ఎలా వచ్చిందో ఆ పాఠంలో ఒక్క లైనే ఉండేది. ఆ లైన్ వెనకాల ఏముందో చూద్దాం.

మొదట్లోనే గందరగోళం

విజయనగర స్థాపన 1336 అని అందరికీ తెలుసు. అయితే ఆ తేదీ చెప్పే తామ్రశాసనాల్లో కొన్ని తర్వాతి కాలంలో పుట్టించినవేమోనని చరిత్రకారుల అనుమానం. హరిహరుడు, బుక్కరాయలు అనే ఇద్దరు అన్నదమ్ములు కాకతీయుల కొలువు నుంచి వచ్చారా, హొయసళుల కొలువు నుంచి వచ్చారా అన్న గొడవ ఇప్పటికీ తేలలేదు. తెలుగువాళ్లు ఒకటి, కన్నడిగులు ఒకటి చెబుతారు. మన అనంతపురం వైపు రెండు భాషలూ ఇంట్లోనే ఉంటాయి కాబట్టి మనకు పెద్ద పట్టింపు లేదనుకోండి.

పెనుకొండ పేరు ఈ కథలోకి తొందరగానే వస్తుంది. బుక్కరాయల కొడుకు వీర విరుపణ్ణ ఇక్కడ పాలన చూసేవాడని 1354 నాటి శాసనం చెబుతోంది. అప్పటికి అన్న హరిహరుడు ఇంకా బతికే ఉన్నాడు. అంటే రాజ్యం ఒక్కరి చేతిలో కాదు, కుటుంబం చేతిలో ఉంది. అన్న తర్వాత కొడుకా, తమ్ముడా అనే రూల్ ఎక్కడా రాసి లేదు. హరిహరుడి తర్వాత తమ్ముడే రాజయ్యాడు. ఇక 1404లో రెండో హరిహరుడు చనిపోగానే ముగ్గురు కొడుకులూ సింహాసనం నాదంటే నాదన్నారు. విరూపాక్షుడు, రెండో బుక్కరాయలు, చివరికి మొదటి దేవరాయలు. రెండేళ్లు పట్టింది తేలడానికి.

కోటలో బందీగా రాజు

అసలు విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

1485లో సాళువ నరసింహుడు సంగమ వంశాన్ని పక్కకు నెట్టి గద్దెనెక్కాడు. 1491లో చనిపోయాడు. పిల్లలు చిన్నవాళ్లు. రాజ్యాన్నీ పిల్లల్నీ సేనాధిపతి తుళువ నరస నాయకుడికి అప్పగించాడు. పెద్ద కొడుకు కొద్ది కాలానికే హత్యకు గురయ్యాడు. రెండోవాడు ఇమ్మడి నరసింహుడు. పేరుకు చక్రవర్తి. నరస నాయకుడు అతన్ని పెనుకొండ కోటకు తరలించి, చుట్టూ కాపలా పెట్టి, రాజ్యం తాను నడిపించాడు.

ఇమ్మడి నరసింహుడు పెనుకొండలోనే హత్యకు గురయ్యాడు. ఇంతవరకూ పేచీ లేదు. చంపించింది ఎవరన్న దగ్గరే కథలు విడిపోతాయి.

న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి 1535 తర్వాత విజయనగరం గురించి రాశాడు. నరస నాయకుడే చంపించాడని అతని మాట. కానీ నరస నాయకుడు 1503లో చనిపోయాడు. ఆ తర్వాత కూడా ఇమ్మడి నరసింహుడి పేరుతో శాసనాలు కనిపిస్తున్నాయి. చచ్చిపోయిన రాజు పేరుతో శాసనం వేయరు కదా! అందుకే ఎక్కువమంది చరిత్రకారులు హత్య 1505లో జరిగిందని, చేయించింది నరస నాయకుడి కొడుకు వీర నరసింహుడని అంటారు. న్యూనిజ్ వచ్చేసరికి ఆ సంగతి జరిగి ముప్పై ఏళ్లయింది. ఊళ్లో చెప్పుకున్నది విని రాశాడు. తండ్రి పాపమో కొడుకు పాపమో ఊరి జనం ఒకటిగా కలిపేసి ఉంటారు.

ఇంకా ఆసక్తికరమైన విషయం ఒకటుంది. తర్వాత వచ్చిన తుళువ రాజుల శాసనాల్లో వంశావళి చూడండి. చంద్రుడితో మొదలవుతుంది. బుధుడు, పురూరవుడు, యయాతి, తుర్వసుడు... అలా దిగి దిగి తిమ్మ, ఈశ్వర, నరస, వీర నరసింహ, కృష్ణరాయ అని వస్తుంది. ఎక్కడా అతుకు కనపడదు. పెనుకొండలో చనిపోయిన ఆ కుర్ర రాజు పేరు అందులో లేదు. వేరే వంశం కాబట్టి లేదు, నిజమే. కానీ చదివేవాడికి మాత్రం రాజ్యం చంద్రుడి దగ్గర్నుంచి నేరుగా వీళ్లకే వచ్చిందనిపిస్తుంది.

జపాన్‌లో ఏం జరిగింది?

ఇలాంటిదే, ఇంకా పెద్ద స్థాయిలో, జపాన్‌లో కనిపిస్తుంది. ఇప్పటి చక్రవర్తి నరుహితో 126వ వాడు. మొదటివాడు జిమ్ము. క్రీస్తు పూర్వం 660లో గద్దెనెక్కాడని సంప్రదాయం. మన రాజులు చంద్రుడి నుంచి వస్తే, వాళ్లు సూర్యదేవత అమతెరసు నుంచి వచ్చారు.

ఈ జాబితాకు ఆధారం రెండు పుస్తకాలు. 712లో పూర్తయిన కొజికి, 720లో పూర్తయిన నిహోన్ షోకి. అంటే జిమ్ము కాలానికీ పుస్తకానికీ మధ్య పదమూడు వందల ఏళ్లకు పైగా తేడా. న్యూనిజ్‌కు ముప్పై ఏళ్ల తేడాతోనే తండ్రీకొడుకులు కలిసిపోయారు. ఇక ఇక్కడ ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

రెండో చక్రవర్తి నుంచి తొమ్మిదో చక్రవర్తి వరకు ఎనిమిది మందికి దాదాపు పేర్లు, భార్యాపిల్లల వివరాలే ఉన్నాయి. ఏం చేశారో లేదు. అందరూ తండ్రి తర్వాత కొడుకు. అంత సాఫీగా వారసత్వం నడవడమే అనుమానం రేపే విషయం. తొలి చక్రవర్తుల్లో పలువురు వందేళ్లు దాటి బతికినట్టు కూడా రాశారు. వంశం బాగా పాతదని చూపించాలంటే పేర్లు సరిపోక ఆయుష్షు పెంచారని చరిత్రకారుల అభిప్రాయం.

గట్టి ఆధారం దొరికేది ఐదో శతాబ్దంలో. ఇనరియమ అనే పాత సమాధి దిబ్బలో 1968లో ఒక ఇనుప కత్తి బయటపడింది. 1978లో ఎక్స్‌రే తీస్తే తుప్పు కింద బంగారు అక్షరాలు కనిపించాయి. 471వ సంవత్సరానికి చెందినదిగా భావించే ఆ రాతలో వకతకేరు అనే రాజు పేరుంది. జాబితాలో 21వ వాడైన యూర్యకు ఇతనే అంటున్నారు. అంటే 20 పేర్ల తర్వాత గానీ పుస్తకం మాటకు ఇలాంటి సాక్ష్యం దొరకలేదు. 26వ వాడు కేతై సంగతి మరీ విచిత్రం. అంతకుముందు రాజుకు వారసులు లేకపోతే, ఐదు తరాల వెనకటి చక్రవర్తికి వారసుడంటూ ఎక్కడో దూరం నుంచి తెచ్చి 507లో పట్టం కట్టారు. రాజయ్యాక కూడా యమతో ప్రాంతంలోకి అడుగుపెట్టడానికి సుమారు ఇరవై ఏళ్లు పట్టిందట. కొత్త వంశమే వచ్చిందని కొందరు అనేది అందుకే.

పెనుకొండ కథకు దగ్గరగా వచ్చేది మాత్రం 672 నాటి యుద్ధం. చక్రవర్తి తెంజి చనిపోయాక కొడుకు ఒకవైపు, చక్రవర్తి తమ్ముడు ఒకవైపు. బాబాయ్ గెలిచాడు. అబ్బాయ్ ఆత్మహత్య చేసుకున్నాడు. గెలిచిన బాబాయ్ తెమ్ము చరిత్ర రాయించే పని మొదలుపెట్టాడు. నిహోన్ షోకిని పూర్తి చేయించింది ఆయన కొడుకే. అందులో ఓడిన అబ్బాయ్‌ని చక్రవర్తిగా లెక్క కట్టలేదు. 1870లో, అంటే దాదాపు 1200 ఏళ్ల తర్వాత, మెయిజీ ప్రభుత్వం అతనికి కోబున్ అని పేరు పెట్టి 39వ చక్రవర్తిగా జాబితాలో చేర్చింది.

కళ్లు తీయించిన కథలు

మళ్లీ మన దగ్గరికి వద్దాం. వీర నరసింహుడు చనిపోయే ముందు తన ఎనిమిదేళ్ల కొడుకు కోసం తమ్ముడు కృష్ణదేవరాయల కళ్లు తీయించమన్నాడని, మంత్రి తిమ్మరుసు మేక కళ్లు చూపించి మోసం చేశాడని న్యూనిజ్ రాశాడు. అదే తిమ్మరుసుకు తర్వాత ఏం జరిగిందో తెలిసిందే. 1524లో కృష్ణదేవరాయలు ఆరేళ్ల కొడుకు తిరుమలకు పట్టం కట్టాడు. పిల్లాడు చనిపోయాడు. విషప్రయోగం నింద తిమ్మరుసు కుటుంబంపై పడింది. ఆయన కళ్లు తీయించి జైల్లో పెట్టారని న్యూనిజ్ కథనం. ఆ జైలు పెనుకొండలోనే అని ఇక్కడి జనం చెప్పుకుంటారు.

హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షిలో కూడా కళ్ల కథే. గుడి కట్టించిన విరుపణ్ణ, ఖజానా సొమ్ము వాడాడన్న నింద వస్తే తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని, ఆ మరకలు ఇవేనని చూపిస్తారు. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఒక్కటి మాత్రం గమనించాలి. చూపు లేనివాడు రాజుగా పనికిరాడని ఆ కాలం నమ్మింది. చంపకుండా పోటీ లేకుండా చేసే మార్గం అది.

ఏడాదికోసారి కనిపించే చక్రవర్తి

1542లో అచ్యుతదేవరాయలు చనిపోయాక ఆయన కొడుకును మేనమామే చంపించాడు. ఆ మేనమామను ఓడించి అళియ రామరాయలు సదాశివరాయలను గద్దెనెక్కించాడు. అళియ అంటే కన్నడలో అల్లుడు. కృష్ణదేవరాయల అల్లుడన్నమాట. పెత్తనం మొత్తం అల్లుడిది, సదాశివరాయలు కాపలా మధ్య ఉండేవాడు, ఏడాదికోసారి జనానికి చూపించేవాళ్లు.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధం. రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమల రాయలు ఖజానాతో పాటు సదాశివరాయలను కూడా వెంటబెట్టుకుని పెనుకొండకు చేరాడు. ఎందుకంటే ఖజానా ఎంత ముఖ్యమో, పేరుకైనా ఒక చక్రవర్తి అంతే ముఖ్యం. 1567లో విజయనగరంలో ఉన్న సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిస్ వ్యాపారి, పెనుకొండ ఎనిమిది రోజుల ప్రయాణమని, అక్కడ బందీగా ఉన్న రాజును తిరుమల కొడుకు చంపేశాడని రాశాడు. కానీ ఆ తర్వాతి తేదీలతో సదాశివరాయల పేరిట దానశాసనాలు ఉన్నాయి. హత్య అబద్ధమా? లేక పేరు మాత్రం కొన్నాళ్లు బతికించారా? రెండు వాదనలూ ఉన్నాయి. నాకైతే శాసనాల వైపే మొగ్గు. దానం పుచ్చుకునేవాడికి రాజు పేరు సరిగ్గా ఉండటం అవసరం, ఊరి పుకారుకు ఆ అవసరం లేదు. ఏమైనా 1570 ప్రాంతంలో తిరుమల రాయలు పెనుకొండలో పట్టాభిషేకం చేసుకున్నాడు. అరవీటి వంశం మొదలైంది.

రజకుడి మూటలో వారసుడు

తిరుమల రాయలు కొడుకులకు రాజ్యం పంచాడు. శ్రీరంగరాయలకు పెనుకొండ, రామరాజుకు శ్రీరంగపట్నం, వెంకటపతికి చంద్రగిరి. శ్రీరంగరాయలకు పిల్లల్లేరు. అన్న రామరాజు కొడుకులున్నా వాళ్లను కాదని 1586లో వెంకటపతి రాయలు చక్రవర్తి అయ్యాడు. గోల్కొండ సేనలు పెనుకొండను ముట్టడిస్తే కాపాడుకున్నాడు. తర్వాత రాజధాని చంద్రగిరికి, వేలూరుకు మారింది.

1614లో వెంకటపతి రాయలు చనిపోతూ ఉంగరాన్ని అన్న కొడుకు శ్రీరంగరాయలకు ఇచ్చాడు. మరి ఆయనకు కొడుకు లేడా అంటే, ఉన్నాడు అనీ చెప్పాలి, లేడు అనీ చెప్పాలి. ఒక రాణి గర్భవతినని నటించి, ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డను తెచ్చి తన కొడుకుగా పెంచిందని బర్రదాస్ అనే క్రైస్తవ మత గురువు 1616లో రాసిన ఉత్తరంలో ఉంది. రాజుకు సంగతి తెలిసినా రాణి మీద ప్రేమతో ఊరుకున్నాడట. ఆ పిల్లాడినే రాజును చేయాలని గొబ్బూరి జగ్గరాయుడు పట్టుబట్టాడు. శ్రీరంగరాయలను కుటుంబంతో సహా బంధించాడు.

ఎదురు తిరిగింది వెలుగోటి యాచమ నాయకుడు ఒక్కడే. ఒక రజకుడి సాయంతో శ్రీరంగరాయల రెండో కొడుకు రామదేవుడిని మైల బట్టల మూటలో పెట్టి బయటకు తెప్పించాడు. మిగిలిన కుటుంబం మొత్తాన్ని జగ్గరాయుడు చంపించాడు. తర్వాత తమిళ దేశమంతా రెండుగా చీలింది. తంజావూరు రఘునాథ నాయకుడు రామదేవుడి వైపు, మదురై నాయకుడు జగ్గరాయుడి వైపు. కావేరి ఒడ్డున తొప్పూరు యుద్ధంలో జగ్గరాయుడు చచ్చాడు. మూటలో తప్పించుకున్న పిల్లాడు చక్రవర్తిగా 1632 వరకు ఉన్నాడు.

ఇక్కడో మాట. బర్రదాస్ యుద్ధం తేలకముందే రాశాడు కాబట్టి గెలిచినవాళ్ల కోసం రాసి ఉండడనుకోవచ్చు. కానీ రాణి బిడ్డ కథ అతనికి చెప్పింది ఎవరు? యాచముడి మనుషులైతే వాళ్లు అలాగే చెబుతారు. డీఎన్ఏ టెస్టులు లేని కాలం అది.

వెళ్లి చూడాలంటే

పెనుకొండ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. హిందూపురం, ధర్మవరం రెండు వైపుల నుంచీ రైళ్లు, బస్సులు ఉన్నాయి. ఊళ్లోనే గగన్ మహల్, పక్కపక్కనే రామాలయం, ఈశ్వరాలయం చూడొచ్చు. కొండపైకి ఎక్కాలంటే పొద్దున్నే బయల్దేరండి, ఎండ ముదిరితే కష్టం. తిమ్మరుసు జైలు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఇమ్మడి నరసింహుడిని ఎక్కడ ఉంచారని కూడా అడిగి చూడండి.