ఆపడానికి కారణం అడిగిన కంప్యూటరు

2004లో మా సెక్షనులో టైపింగు కంప్యూటరు పాడైంది. కొత్తది మంజూరు కాలేదు. పెన్షను కాగితాలన్నీ 'విండోస్ సర్వర్ 2003' యంత్రం మీదే చేశాను. నలుగురికీ ఫైళ్లందించాల్సిన యంత్రం కాబట్టి, ఆపబోతే కారణం రాయమనేది. క్యాజువల్ లీవుకైనా మమ్మల్ని అంతగా అడగలేదు! రోజూ 'ఆఫీసు వేళ ముగిసింది' అని రాసేవాణ్ణి.

నిజానికి అది వేరే జాతిదేమీ కాదు. డేవ్ కట్లర్ బృందం 1988లో మైక్రోసాఫ్టులో మొదలుపెట్టిన ఎన్‌టీ 1993లో వెలువడింది. 1996 నాటి ఎన్‌టీ 4లో సర్వరుకూ, బల్లమీది వర్క్‌స్టేషనుకూ గుండెకాయ ఒకటే. తాను ఏ రకమో లోపలి రిజిస్ట్రీలోని నమోదు చూసి తెలుసుకునేది. ధరలో మాత్రం చాలా తేడా! 2001లో ఎక్స్‌పీతో ఆ వంశమే ఇళ్లలోకీ వచ్చింది.

2008లో నా పెన్షను కాగితాలూ దానిమీదే టైపు చేసుకున్నాను. ఆ సాయంత్రం కారణం గడిలో 'పదవీ విరమణ' అని రాసి ఆపాను.